మీ ఇంట్లో ఇప్పటికే ఒక ఐటీ షేరు ఉంది

ప్రశ్న: నేను ఆదోనిలో ఉంటాను. 36 ఏళ్లు ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి పోయిన మే నెలలో రిటైరయ్యాను. పెన్షన్ వస్తుంది. అప్పులు తీరగా చేతిలో 20 లక్షలు మిగిలాయి. చిన్నమ్మాయి పెళ్లి వచ్చే వేసవిలో చేయాలి, దానికి 8 లక్షలవుతుందని అంచనా. కర్నూలులో ఉండే మా బావమరిది షేర్లు చేస్తుంటాడు. ‘ఇన్ఫోసిస్ ఈ రేటుకు మళ్లీ దొరకదు బావా, 15 లక్షలు పెట్టు, రెండేళ్లలో రెండింతలు’ అంటున్నాడు. మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడేమో ‘ఏఐ వచ్చాక ఈ కంపెనీల పని అయిపోయింది నాన్నా, ఉన్నవి కూడా అమ్మేయ్’ అంటాడు. వాడికి మూడు నెలలుగా ప్రాజెక్టు లేదు, బెంచ్ మీద ఉన్నాడు. ఫ్లాటు లోను కట్టుకోవాలి. బావమరిది నన్నొక టెలిగ్రామ్ గ్రూపులో చేర్పించాడు. అందులో ఒకరు టార్గెట్ 2,400 అంటే ఇంకొకరు 1,100 అంటారు. ఇంత తెలిసినవాళ్లు ఒకే కంపెనీ గురించి ఇన్ని రకాలుగా ఎందుకు చెప్తారు? ఎవరి మాట వినాలి? నా దగ్గర ఇప్పటికే 60 షేర్లున్నాయి, ఒక్కోటి 1,900కి కొన్నాను. వాటినేం చేయాలి? మా నాన్న మార్కెట్ యార్డులో గుమాస్తా, నాకు వ్యాపారం అంటదు అనేవాడు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక రిటైర్డ్ టీచర్, ఆదోని

జవాబు:

సార్, నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను షేరు మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుని కాను. కర్నూలులో బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్లు కూర్చుని, డబ్బు వేసేటప్పుడూ తీసుకునేటప్పుడూ మనుషుల మొహాలు చూసినవాణ్ణి, అంతే. కాబట్టి ఫలానా షేరు కొనండి, అమ్మండి అనే మాట నా నోట రాదు. అయినా మీ ఉత్తరంలో నాకు షేరు కంటే మీ ఇల్లే ఎక్కువ కనపడింది. దాని గురించి మాట్లాడగలను.

తెలిసినవాళ్లు ఇన్ని రకాలుగా ఎందుకు చెప్తారని అడిగారు. దీనికి జవాబు మీ నాన్నగారికి బాగా తెలిసి ఉంటుంది. యార్డులో పొద్దున్నే పత్తి లాటు పెడతారు. కొనేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఇంత పత్తి చేతికి తీసుకుని రెండు బొటనవేళ్ల మధ్య పింజ లాగి పొడవు చూస్తారు, గింజ పంటి కింద పెట్టి తడి చూస్తారు. లాటు ఒకటే. టెండర్లు తెరిస్తే మాత్రం ఒకాయన క్వింటాకు 7,400 వేసి ఉంటాడు, ఇంకొకాయన 7,150, మూడో ఆయన 6,800. ముగ్గురిలో పత్తి చూడటం రానివాడు ఎవడూ లేడు. మొదటాయనకు మిల్లు ఆగకూడదు, సరుకు పంపాల్సిన ఆర్డరు నెత్తి మీద ఉంది. రెండో ఆయనకు లారీ నిండటానికి ఇంకో పది క్వింటాళ్లు తక్కువ. మూడో ఆయన గోడౌన్ ఇప్పటికే నిండి ఉంది, చవగ్గా వస్తే తీసుకుంటాడు, లేకపోతే టీ తాగి ఇంటికి పోతాడు. మనం పత్తికి ధర చెప్పారనుకుంటాం. వాళ్లు చెప్పింది తమ అవసరానికి ధర.

షేర్ల దగ్గరా ఇదే జరుగుతుంది. మ్యూచువల్ ఫండ్ మేనేజరుకు జనం నెలనెలా కట్టే సిప్ డబ్బు వచ్చి పడుతుంటుంది, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. ఆయనకు ‘బాగుంది’ అంటే పక్క కంపెనీ కంటే బాగుంది అని అర్థం. అమెరికాలో కూర్చున్న ఫండు డాలర్లలో లెక్క వేసుకుంటుంది. ఇక్కడ షేరు పడకపోయినా రూపాయి పడితే దానికి నష్టమే. చిప్పుల కంపెనీలో పెట్టడానికి డబ్బు కావాలంటే ఇన్ఫోసిస్ మీద ఏ కోపం లేకపోయినా అమ్ముతుంది. బ్రోకింగ్ కంపెనీ అనలిస్టు సాధారణంగా పన్నెండు నెలల తర్వాతి ధర ఇంత అని రాస్తాడు, మూడు నెలలకు ఫలితాలు రాగానే ఆ అంకె మార్చి ఇంకో రిపోర్టు రాస్తాడు. అందులో తప్పేం లేదు, అది ఆయన ఉద్యోగం. ట్రేడరు చూపు ఈ వారం దాకానే. మీ గ్రూపులో 2,400 అన్నవాడూ 1,100 అన్నవాడూ వీళ్లలో ఏ రకమో మీకు తెలియదు. తెలియనప్పుడు ఆ అంకెతో మనం చేసేదేముంది?

పేటీఎం సంగతి గుర్తుందా? 2021 నవంబరులో 2,150 రూపాయలకు ఇష్యూ చేశారు, 18,300 కోట్లు సమీకరించారు. లిస్టయిన రోజే మాక్వారీ అనే బ్రోకింగ్ సంస్థ ఈ షేరు విలువ 1,200 అని రాసింది. అంత అన్యాయంగా రాస్తారా అనుకున్నవాళ్లు చాలామంది. ఆ రోజే షేరు 27 శాతం పడింది. తర్వాత 1,200 కూడా ఆగలేదు, 2024లో 310 దాకా పోయింది. అక్కడ భయపడి అమ్మినవాళ్లు అమ్ముకున్నారు. 2025లో మళ్లీ వెయ్యి దాటింది. మరి ఇందులో ఎవరి మాట నిజమైనట్టు? నిరాశగా చెప్పినాయన కూడా ఆ రోజున ఎంత లోతుకు పోతుందో చెప్పలేకపోయాడు, ఎప్పుడు లేస్తుందో అసలే చెప్పలేకపోయాడు.

ఇప్పుడు మీ ఇన్ఫోసిస్ దగ్గరికి వద్దాం. మీ బావమరిదీ, మీ అబ్బాయీ ఇద్దరూ గాలిలో మాట్లాడటం లేదు. ఇద్దరి దగ్గరా సరుకుంది.

కంపెనీ ఆదాయం, రూపాయి హెచ్చుతగ్గులు పక్కన పెట్టి చూస్తే, 2021-22లో 19.7 శాతం పెరిగింది. మరుసటి ఏడు 15.4. ఆ తర్వాత 1.4. ఆ తర్వాత 4.2. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి, గ్రూపులో వచ్చే వంద మెసేజీల కంటే అవి ఎక్కువ చెప్తాయి. ఏటా ఏప్రిల్‌లో కంపెనీ ఈ సంవత్సరం ఇంత పెరుగుతామని ఒక అంచనా ఇస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఇచ్చింది 0 నుంచి 3 శాతం. అక్టోబరుకు దాన్ని 2 నుంచి 3 చేశారు. ఆదాయంలో సగానికి పైగా ఉత్తర అమెరికా నుంచే వస్తుంది, పావు వంతుకు పైగా బ్యాంకులూ ఆర్థిక సంస్థల నుంచి వస్తుంది. అక్కడి బ్యాంకు మేనేజరు ఖర్చు తగ్గించుకుందాం అనుకుంటే ఇక్కడ బెంచ్ నిండుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ వీసాకు అమెరికా లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. ఇక ఏఐ. ఇంతకాలం ఈ వ్యాపారం మనుషుల తలలు లెక్కపెట్టి, గంటలు లెక్కపెట్టి బిల్లు వేయడం మీద నడిచింది. పదిమంది చేసే పని ఆరుగురితో అయిపోతే క్లయింటు ఊరుకోడు, ఆ నలుగురి డబ్బు నాకు తగ్గించు అంటాడు. మీ అబ్బాయి భయం ఇదే. వాడు దాన్ని పేపర్లో చదవలేదు, మూడు నెలలుగా అనుభవిస్తున్నాడు.

మీ బావమరిది చెప్పేదీ విందాం. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి ఆదాయం 1,62,990 కోట్లు, నికర లాభం 26,713 కోట్లు. వంద రూపాయల ఆదాయంలో నిర్వహణ లాభం 21 రూపాయల దాకా మిగులుతుంది. చెప్పుకోదగ్గ అప్పు లేదు. ఆ ఏడాది షేరుకు 43 రూపాయల డివిడెండ్ ఇచ్చారు. 2025లో కంపెనీ తన షేర్లనే 18,000 కోట్లతో, షేరుకు 1,800 చొప్పున తిరిగి కొనే (బైబ్యాక్) నిర్ణయం తీసుకుంది. ఏఐ వచ్చినా పాత బ్యాంకు సిస్టంలో దాన్ని బిగించడానికి మనుషులు కావాలి కదా, ఆ పని ఈ కంపెనీలకే వస్తుంది అనేది వాళ్ల వాదన. అదీ కొట్టిపారేసేది కాదు.

కాకపోతే ‘రెండేళ్లలో రెండింతలు’ అన్నాడు చూడండి, అక్కడ నేను పెన్ను తీస్తాను. రెండేళ్లలో రెండింతలంటే ఏడాదికి 41 శాతం. ధర 1,500 అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది. ఒక్కో షేరు మీద కంపెనీ ఏడాదికి సంపాదించింది సుమారు 64 రూపాయలు. అంటే ఏడాది లాభానికి ఇరవై మూడు రెట్ల ధర. ఇది 3,000 కావాలంటే లాభం రెండింతలు కావాలి, లేదా అదే లాభానికి జనం నలభై ఆరు రెట్లు ఇవ్వడానికి సిద్ధపడాలి. ఏడాదికి మూడు నాలుగు శాతం ఆదాయం పెరిగే కంపెనీ రెండేళ్లలో లాభం రెండింతలు ఎలా చేస్తుందో మీ బావమరిదినే అడగండి. చేయదని నేననను. ఎలా అని అడగండి, అంతే.

1,800కి కంపెనీయే కొంది కాబట్టి అంతకంటే కిందికి పోదు అని కూడా గ్రూపుల్లో రాశారు. ఇది మన పత్తి రైతుకు సులువుగా అర్థమయ్యే పొరపాటు. మద్దతు ధరకు కొనడానికి ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వస్తుంది. షేర్లకు సీసీఐ లేదు. బైబ్యాక్ ఒకసారి జరుగుతుంది, మీ దగ్గరున్న షేర్లలో కొన్నే తీసుకుంటారు, మిగతావి మార్కెట్ ధరకే మీ దగ్గర పడుంటాయి.

మీ బావమరిది మీకు ఇన్ఫోసిస్ 1993 కథ కూడా చెప్పే ఉంటాడు. షేరు మార్కెట్ గురించి మాట్లాడే ప్రతి బావమరిదీ చెప్తాడు. 95 రూపాయల చొప్పున 9,500 పెట్టి వంద షేర్లు కొని కదలకుండా కూర్చుంటే, ఊరికే ఇచ్చిన బోనస్ షేర్లూ, ఒక షేరును రెండు చేసిన విభజనా కలిసి 2018 నాటికి 1,02,400 షేర్లు. 1,500 లెక్కన 15 కోట్ల పైమాటే. లెక్క నిజమే. అయితే ఆ కథలో చెప్పకుండా వదిలేసే ముక్కలు రెండున్నాయి. ఆ 95 రూపాయల ఇష్యూను జనం పూర్తిగా కొననే లేదు, మిగిలింది అమెరికా సంస్థ మోర్గాన్ స్టాన్లీ తీసుకుంది. ఇవాళ అందరూ మేమైతే కొనేవాళ్లం అంటారు గానీ అప్పుడు వద్దన్నది కూడా మనలాంటివాళ్లే. రెండోది, 2000 మార్చి శిఖరం నుంచి 2001 సెప్టెంబరుకు ఈ షేరు నాలుగింట మూడొంతులకు పైగా పడింది. 2013 ఏప్రిల్ 12న ఒక్కరోజులో 21 శాతం పడింది. వీటన్నిటిలో కదలకుండా కూర్చున్నవాడికే ఆ 15 కోట్లు. మీకు తుగ్గలి, జొన్నగిరి దగ్గరే కదా. తొలకరికి వజ్రాల కోసం చేలల్లో ఎంతమంది తిరుగుతారో చూసే ఉంటారు. రాయి దొరికినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. చెట్ల కింద వారం రోజులు వండుకుతిని, నడుం పట్టేసి, ఉత్త చేతులతో పత్తికొండ బస్సెక్కినవాళ్ల ఫొటో ఏ పేపరూ వేయదు.

పెద్ద కంపెనీ అంటే చాలు అనుకోవడం కూడా మన తెలుగువాళ్లకు చేదు అనుభవమే. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం విషయంలో 2009 జనవరి 7న ఒక్క ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఛైర్మనే ఒప్పుకున్నాడు. ముందురోజు 179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దరిదాపుల్లో ఉంది. ఇన్ఫోసిస్‌కు అలా అవుతుందని కాదు, దయచేసి అలా చదవకండి. 15 లక్షలు ఒకే పేరు మీద పెట్టేటప్పుడు, మనకు తెలియనిదేదో ఎప్పుడూ ఉంటుందని మాత్రం మనసులో పెట్టుకోవాలి.

ఇదంతా షేరు సంగతి. ఇక నాకు అసలు కనపడింది చెప్తాను.

మీ ఇంట్లో ఇప్పటికే ఒక ఐటీ షేరు ఉంది సార్. దాని పేరు మీ అబ్బాయి. వాడి జీతం ఆ రంగం మీద ఆధారపడింది. వాడు కొన్న ఫ్లాటు బెంగళూరులో ఉంది, ఆ ఊళ్లో ఫ్లాట్ల ధరా అద్దె కూడా చాలావరకు ఐటీ ఉద్యోగాల మీదే నిలబడ్డాయి. ఇప్పుడు మీ రిటైర్మెంట్ డబ్బు కూడా అక్కడే పెడితే మూడు చేలూ ఒకే వాన మీద వేసినట్టు. వాన పడితే మూడూ పండుతాయి, నిజమే. ఎత్తిపోతే? 2025 జులైలో టీసీఎస్ 12 వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పింది. అలాంటి వార్త వచ్చిన వారంలో ఐటీ షేర్లూ పడతాయి, మీ వాడి బెంచ్ ఇంకో మూడు నెలలు పొడుగవుతుంది, ఫ్లాటు అమ్ముదామంటే కొనేవాడు బేరమాడతాడు. సరిగ్గా వాడు ‘నాన్నా, ఈ మూడు నెలలు ఈఎంఐ నువ్వు కట్టగలవా’ అని ఫోన్ చేసే రోజునే మీ 15 లక్షలు 10 లక్షలై కూర్చుంటాయి. అప్పుడు నష్టానికి అమ్మక తప్పదు.

అనంతపురం వైపు వేరుశనగ వేసే రైతు మధ్య మధ్య కంది సాళ్లు ఎందుకు వదులుతాడో మీరు పిల్లలకు పాఠమే చెప్పి ఉంటారు. కంది వేరు లోతుకు పోతుంది, వేరుశనగ ఎండినా కంది నిలబడుతుంది. వేరుశనగ మీద నమ్మకం లేక కాదు అతను కంది వేసేది.

ఇక్కడే మీ బావమరిదికీ మీకూ తేడా. ఇన్ఫోసిస్ ఆయనకు మంచి షేరు కావచ్చు. ఆయన కొడుకు సాఫ్ట్‌వేర్‌లో లేకపోవచ్చు, వచ్చే వేసవిలో ఇంట్లో పెళ్లి పెట్టుకొని ఉండకపోవచ్చు. అదే షేరు, అదే ధర, మీ ఇంటికి వచ్చేసరికి వేరే సరుకు. కాబట్టి ‘పెరుగుతుందా లేదా’ అన్న తగాదాలో ఎవరు గెలిచినా మీరు చేయాల్సింది పెద్దగా మారదు. నాకు ఈ విషయంలో సందేహం లేదు.

నా సొంత ముచ్చట ఒకటి చెప్పి డబ్బు దగ్గరికి వస్తాను. 2000 సంవత్సరం మొదట్లో కర్నూలు రాజ్‌విహార్ దగ్గర మేడ మీద ఒక బ్రోకరు గది ఉండేది. భోజనం గంటలో మా బ్యాంకు స్టాఫ్ నలుగురం అక్కడే ఉండేవాళ్లం. క్యారియర్ గిన్నె ఒడిలో పెట్టుకుని స్క్రీన్ చూడటం. మా ఆఫీసరు ఒకాయన ఒక కంపెనీ పేరు చెప్పాడు. అంతకుముందు బట్టల మిల్లు, కొత్తగా పేరు చివర ‘ఇన్ఫోటెక్’ అని తగిలించుకుంది. 148కి కొన్నాను. 90కి పడితే సగటు తగ్గుతుంది కదా అని మళ్లీ కొన్నాను. ఆ రెండోసారి డబ్బు మా ఆవిడ గాజులది, ఇన్నేళ్లయినా ఆ మాట పూర్తిగా సద్దుమణగలేదు. షేరు 11 అయింది, తర్వాత ట్రేడింగే ఆపేశారు. ఇప్పటికీ నా డీమ్యాట్ (షేర్లుండే ఖాతా) స్టేట్‌మెంట్‌లో దాని పేరుంది, విలువ గడిలో ఒక గీత ఉంది. మా ఆఫీసరేమో 130 దగ్గరే అమ్మేసుకున్నాడని ఏడాది తర్వాత తెలిసింది. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు, చెప్పిన రోజు ఆయనకు నిజంగానే నమ్మకం ఉంది. అమ్మే రోజు నాకు చెప్పలేదు, అంతే. కొనమని చెప్పేవాళ్లు మన ఇంటిదాకా వస్తారు గానీ, మనసు మార్చుకున్న రోజున ఎవరూ ఫోన్ చేయరు. 2,400 అన్నవాడు వచ్చే నెల మనసు మార్చుకుంటే మీకెలా తెలుస్తుంది?

సరే, డబ్బు. పెళ్లి 8 లక్షల జోలికి ఎవరూ పోకూడదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. ఒకే రశీదుగా కాకుండా రెండేసి లక్షలవి నాలుగు వేసుకుంటే కల్యాణమండపం అడ్వాన్సుకు ఒకటి, బంగారానికి ఒకటి అని అవసరమైనప్పుడు విడిపించుకోవచ్చు, మిగతావాటి వడ్డీ పోదు.

మిగిలిన పన్నెండులో పది లక్షలు పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయమంటాను. అయిదేళ్ల కాలం, ఇప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. పది లక్షలకు ఏడాదికి 82,000, అంటే మూడు నెలలకు 20,500. ఇన్ఫోసిస్ డివిడెండ్ 1,500 ధర మీద చూస్తే మూడు శాతం లోపే. షేరు పెరిగితే వచ్చేది వేరనుకోండి, కానీ పెరగడం ఖాయం కాదు, ఈ 20,500 ఖాయం. మీ వాడి ఈఎంఐకి చేయి ఆనించడానికి ఇదే పనికొస్తుంది.

ఉన్న రెండు లక్షల్లో ఒకటి సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వండి, బెంచ్ సంగతి తేలేదాకా. ఇంకో లక్ష మీ సరదా. మీకు పెన్షన్ ఉంది కాబట్టి షేర్ల వైపు అసలు చూడొద్దని నేననను. యాభై పెద్ద కంపెనీల్లో కలిపి డబ్బు పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండులో నెలకు పదివేలు చొప్పున పది నెలలు వేయండి. అందులో ఇన్ఫోసిస్ కూడా ఉంటుంది, బ్యాంకులూ, సిమెంటూ, మందుల కంపెనీలూ ఉంటాయి. అయిదేడేళ్లు ముట్టుకోనని అనుకుంటేనే.

బావమరిదికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, మీ నిద్ర పట్టకపోవడంలో సగం అదేనని నా అనుమానం. ఇంట్లో అమ్మగారి తమ్ముడో అన్నో ఆయన. (ఆవిడకు ఈ 15 లక్షల మాట తెలుసా? ఉత్తరంలో ఆవిడ ప్రస్తావనే లేదు. ముందు ఆవిడతో కూర్చోండి.) షేరు మంచిది కాదని వాదనకు దిగకండి, గెలవరు. ‘పెళ్లయ్యేదాకా ఈ డబ్బు కదిలించను’ అనండి. దానికి ఎవరూ ఎదురు చెప్పలేరు, అందులోనూ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామ అసలే చెప్పలేడు. అప్పటికీ ఆయన వదలకపోతే నెమ్మదిగా అడగండి: నువ్వు ఎంతకు కొన్నావు, నీ మొత్తం డబ్బులో అది ఎంత భాగం, ఏ ధరకు, లేదా ఏం జరిగితే అమ్ముతావు? చివరి దానికి జవాబు లేకపోతే ఆయన దగ్గరున్నది అభిప్రాయం కాదు, అభిమానం. అభిమానం ఉండొచ్చు, నాకూ ఆ కంపెనీ మీద ఉంది. దానికి 15 లక్షలు అక్కర్లేదు.

టెలిగ్రామ్ గ్రూపు నుంచి మాత్రం ఈ రోజే బయటికి రండి. సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, సలహాదారులకు అది ఐఎన్‌ఏతో, రీసెర్చ్ అనలిస్టులకు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే పేరు కనపడాలి. నంబరు అడిగితే మాట దాటేస్తున్నా, ఇంత లాభం గ్యారంటీ అంటున్నా, వేరే యాప్ దింపుకోమని, ఎవరి పర్సనల్ ఖాతాకో డబ్బు వేయమని అంటున్నా, వాళ్లు ఏ షేరు గురించి మాట్లాడుతున్నారన్నది అనవసరం. పొరపాటున ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు ఆపడం కష్టం.

ఆ 60 షేర్ల సంగతి. వాటి మీద మీరు పెట్టింది 1,14,000. ఇప్పుడు తక్కువే ఉంటుంది. పెళ్లి దానిమీద ఆధారపడలేదు, ఈఎంఐ దానిమీద ఆధారపడలేదు. మీ మొత్తం డబ్బులో అది చిన్న ముక్క. కాబట్టి దాన్ని కంగారుగా కదిలించాల్సిన అవసరం నాకు కనపడలేదు, ఇంకో 60 కలిపి సగటు తగ్గించుకోవాల్సిన అవసరం అంతకన్నా కనపడలేదు. ఉంచుకుంటే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో ఫలితాలు వచ్చినప్పుడు మూడే చూడండి: ఏడాది పెరుగుదల అంచనా పైకి జరిగిందా కిందికి జరిగిందా, కొత్తగా ఎంత విలువైన పెద్ద ఒప్పందాలు వచ్చాయి, నిర్వహణ లాభం 20 నుంచి 22 శాతం మధ్య నిలిచిందా. రోజూ ధర చూడటం మానేయండి, ఫోన్లోంచి ఆ యాప్ తీసేసినా నష్టం లేదు.

ఇంకొకటి, 2024-25 లెక్కన 43 రూపాయల చొప్పున ఆ 60 షేర్లకు 2,580 డివిడెండ్ రావాలి. అది మీ జీతం ఖాతాకు లింకై ఉండి, రిటైరయ్యాక ఆ ఖాతా మూసేసి ఉంటే డబ్బు ఎక్కడో ఆగి ఉంటుంది. ఆదోనిలో మీ డీమ్యాట్ తెరిచిన బ్రాంచికి వెళ్లి పెన్షన్ పడే ఖాతా నంబరు మార్పించండి. అదే ఫారంతో పాటు నామినీ పేరు కూడా చూసుకోండి. చాలామందిది ఖాళీగా ఉంటుంది.